మంచుబండికి ఏసీ

సంగతి విని మా అమ్మ ఫోనులో అడిగిన మొదటి ప్రశ్న సబబైనదే. "గా దుబాయ్‌ల మంచు యాడ కురుస్తది బిడ్డా?" నేనుండేది దుబాయ్ కాదు, దోహా అని చెప్పడం ఎప్పుడో మానేశాను. మంచు సంగతి మాత్రం ఆమె అన్నదే నిజం. ఇక్కడ మంచు కావాలంటే ఫ్రిజ్ తలుపు తీయాలి. అయినా ఆ ఎండాకాలం ఇండస్ట్రియల్ ఏరియాలోని మా గ్యారేజీలో నాకు పడిన పని, మంచు మీద పరుగెత్తే స్నోమొబైల్ ఇంజిన్‌ను ఇసుక మీద పరుగెత్తించడం.

ఒక ఖతరీ ఆసామి దాన్ని విదేశం నుంచి తెప్పించి, సిలిండర్లు పెద్దవి చేయించి, తేలికపాటి ఇసుక బగ్గీలో బిగించాడు. మంచు చల్లార్చాల్సిన ఇంజిన్‌కు పెద్ద రేడియేటర్ పెట్టాడు. సీలైన్ ఎడారిలోని ఎత్తయిన ఇసుక దిబ్బను దాంతో ఎక్కాలని అతని పంతం. దాన్ని డైనో మీద ట్యూన్ చేయడం నా వంతు. డైనో అంటే బండి కదలకుండానే ఇంజిన్ మీద భారం వేసి, దాని బలమెంతో తెర మీద చూపించే యంత్రం. ఆ గది తాళంచెవి నా చేతికొచ్చి ఎంతో కాలం కాలేదు. అంతకుముందు ఏళ్ల తరబడి ఆయిల్ మార్చే గోతిలో నిలబడి, బండ్ల పొట్టలు చూస్తూ బతికాను.

ఆసామికి ఇంజినంటే మహా గారాబం. అతని పెంపుడు డేగ కూడా ఏసీ గదిలోనే ఉంటుందట. "స్నో ఇంజిన్, సదీఖ్! ఫుల్ ఠండా చాహియే" అని అరబ్బీలో నన్ను దోస్తూ అని పిలిచి, హిందీలో ఇంజిన్‌కు చలవ అడుగుతూ ఒక చక్రాల ఏసీ తోసుకొచ్చి, దాని గొట్టాన్ని సరిగ్గా ఇంజిన్ గాలి పీల్చే మూతి ముందు పెట్టాడు. మేమెవరమూ కాదనలేదు. గల్ఫులో ఏసీ వద్దన్న మనిషిని నేనింకా చూడలేదు. మా అన్నం డబ్బాలు కూడా ఆ గదిలోకే చేరాయి. తెర మీద పడిన అంకె చూసి ఆసామి నన్ను కావలించుకుని, ఆ కాగితం ప్రింటు తీయించుకుని మరీ వెళ్లాడు.

శుక్రవారం నాడు దిబ్బ సగం కూడా ఎక్కకుండానే ఇంజిన్ దగ్గి, గుప్పున పొగ కక్కి, ఇసుకలో చతికిలబడింది. స్నేహితులందరి ముందు ఆసామి మొహం మాడిపోయింది. మా మేనేజర్‌ది విజయవాడ. కోపమొస్తే ఆయనకు మర్యాద పెరుగుతుంది.

"వచ్చే శుక్రవారం కూడా ఇదే తంతయితే, తమరు ఆ తాళంచెవి నా బల్ల మీద పెట్టేసి, మళ్లీ గోతిలోకి దయచేయండి" అన్నాడు.

నాకు నిజంగానే భయమేసింది. ప్లగ్గులు మార్చాను, బెల్టు మార్చాను, పెట్రోలు పారబోసి కొత్తది పోశాను. ఏం చేసినా అది ఇంట్లో పులి, వీధిలో పిల్లి. గదిలో గర్జించేది, ఇసుక తగలగానే నీరుగారిపోయేది. నా తలప్రాణం తోకకొచ్చింది.

ఒక మధ్యాహ్నం, ఇసుకలో ఆగినప్పుడు తీసిన ప్లగ్గునూ, గదిలో తీసిన ప్లగ్గునూ పక్కపక్కన పెట్టాను. గదిలోది చక్కటి గోధుమరంగు. ఇసుకలోది తడితడిగా, మసిబొగ్గులా ఉంది. అంటే పెట్రోలు ఎక్కువవుతోంది. కానీ ఇంజిన్ అదే, పెట్రోలూ అదే. వెలుతురులో సరిగ్గా చూద్దామని రెండూ పట్టుకుని బయటికొచ్చాను. గుమ్మం దాటగానే రోజూ లాగే నా కళ్లద్దాలు ఆవిరి పట్టి ఏమీ కనిపించలేదు. చొక్కా అంచుతో తుడుచుకుంటూ నవ్వాపుకోలేకపోయాను. ఒక్క గుమ్మానికే అద్దాలు ఇంత కంగారుపడితే, పాపం ఇంజిన్ సంగతేంటి? చల్లగాలి చిక్కగా ఉంటుంది, దానికి పెట్రోలు ఎక్కువ కావాలి. మేం ఏసీ గాలికి కొలత పెట్టి, పల్చటి ఎండగాలి పీల్చమని దాన్ని దిబ్బ మీదికి తోలాం.

వెంటనే ఏసీ ఆపి, ఎవరూ మళ్లీ వేయకుండా దాని రిమోట్ జేబులో వేసుకుని, షట్టరు పైకెత్తేశాను. వడగాలి లోపలికి కొట్టింది. అన్నం డబ్బాలు గది వదిలి పారిపోయాయి.

"ఏంటయ్యా, మమ్మల్ని వేపుడు చేస్తావా?" అన్నాడు మేనేజర్.

"ఎండల ఉరికే బండికి ఎండలనే కొలత తియ్యాలె సార్."

పెట్రోలు వదిలే ఇత్తడి జెట్లు తీసి, సన్న రంధ్రమున్నవి వేస్తూ, చెమటలు కక్కుతూ ఒక్కొక్కటే పరీక్షించాను. ఇంజిన్ దగ్గు పోయింది. అయితే వేడిలో తెర మీది అంకె కూడా తగ్గింది. అది చూసి, బలం లేదు, ముందే ఎక్కువుండేదని ఆసామి గొడవకు దిగాడు.

"పవర్ మాఫీ! పహ్లే జ్యాదా థా!"

"కాగజ్ పే కమ్, రేత్ పే జ్యాదా" అన్నాను, కాగితం మీద తక్కువైనా ఇసుక మీద ఎక్కువేనని. నమ్మలేదు. ఈ ఒక్క శుక్రవారం చూసి, తర్వాత బండి ఇంకో గ్యారేజీకి పట్టుకుపోతానన్నాడు.

ఆ శుక్రవారం దిబ్బ కింద నిలబడి, జేబులో తాళంచెవిని గట్టిగా పట్టుకున్నాను. తలెత్తి చూసే ధైర్యం లేదు, చెవులతోనే విన్నాను. సగం దాటింది. దగ్గలేదు. పైకంటా ఒకటే మోత, ఆపైన దిబ్బ అవతలి నుంచి ఆగకుండా హారన్. "ఎక్కిందిరో!" అని నేను అరిచిన అరుపు మా ఊరికి వినపడే ఉంటుంది.

ఆసామి ఇప్పుడు నన్ను అన్న అంటాడు. అతిథులను కూర్చోబెట్టే తన మజ్లిస్ గోడకు ఫ్రేము కట్టించి పెట్టుకున్నది మాత్రం ఆ మొదటి, ఏసీ గాలి కాగితాన్నే.

ఆ రోజు దిబ్బ కిందే మేనేజర్ నా పక్కకొచ్చి చేయి చాచాడు. జేబులోంచి తాళంచెవి తీశాను.

"అది నీ దగ్గరే ఉంచు. ఆ ఏసీ రిమోట్ ఇటివ్వు" అన్నాడు.