ముందు ఐబు చెప్పమన్న చాచా

మొన్న బుధవారం పొద్దున చాచా చనిపోయారు. నమాజు చేసి వచ్చి, ఇంట్లో టీ పెట్టమని చెప్పి, టీ వచ్చేలోపలే కుర్చీలో ఒరిగిపోయారట. కరీంనగర్ బస్టాండు వెనక ఆయన దుకాణానికి ఆనుకుని ఉన్న హోటలాయన మా ఇంటికి వచ్చి ఈ మాట చెప్పాడు. చెప్పి వెంటనే వెళ్లలేదు. గడప దగ్గరే కాసేపు నిలబడ్డాడు. నేను మంచినీళ్లు తెచ్చి ఇచ్చాను. 

ఆయన నాకు చుట్టం కాదు. మా బాపు రేడియో బాగు చేసిన మనిషి. రేడియోలు తగ్గాక టీవీలు విప్పారు. ఊళ్లో కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్లు మొదలైన కొన్నేళ్లకు, వాటిలో పాతబడినవన్నీ ఒకటొకటిగా ఆయన బల్ల మీదికి చేరాయి. ఆయనకు ఇంగ్లీషు గానీ తెలుగు గానీ చదవడం రాదు. బోర్డు మీది అంకెలు మాత్రం చదివేవారు. మిగతాది వాసన చూసి, వేలితో తడిమి తెలుసుకునేవారు. కాలిన వాసన నాకూ పట్టుకోవడం నేర్పాలని చాలా ప్రయత్నించారు. నాకు అన్నీ ఒకేలా దుమ్ము వాసన వేసేవి.

నేను ఆయన దగ్గరికి మొదట అవసరం కొద్దీ వెళ్లాను. డిగ్రీ అయ్యాక ఇంట్లోనే కూర్చుని టైపింగ్ పనులు చేసేదాన్ని. మూతబడిన ఒక ఇన్‌స్టిట్యూట్ నుంచి బాపు కొనిచ్చిన 386 అనే పాతరకం కంప్యూటర్ నా దగ్గర ఉండేది. ఒక చలికాలం మొదట్లో ఒక ప్రెస్సు ఓనరు, ఇంటర్ పిల్లల గైడ్లు మూడు తెలుగులో కంపోజ్ చేసి ఇవ్వగలిగితే పని నాకే ఇస్తానన్నాడు. లేకపోతే ఎప్పటిలాగే హైదరాబాద్ పంపుకుంటానన్నాడు. తెలుగు అక్షరాల సాఫ్ట్‌వేర్ నా మిషన్ మీద నడవదు. దానికి తర్వాతి రకం 486 బోర్డు, పెద్ద హార్డ్ డిస్కు కావాలి. పాతవి అమ్మితే తప్ప అవి రావు. బాపు ఒకటే మాట అన్నారు. ఈ పని కుదిరితే మంచిదే, కుదరకపోతే సంక్రాంతి సెలవుల తర్వాత కాన్వెంటులో టీచరుగా చేరాలి. సిస్టర్లు అప్పటికే ఒప్పుకున్నారు. అరవై మంది పిల్లల ముందు నిలబడి గొంతెత్తి మాట్లాడటం నాకు చేతకాని పని.

ముందు నేనే అమ్ముకోవాలని చూశాను. ఒక ఇన్‌స్టిట్యూట్ గోడకు కాగితం అతికించి వచ్చాను. ముగ్గురు ఇంటికి వచ్చారు. వాళ్లు అడిగినదానికల్లా నేను నేల చూస్తూ తల ఊపాను. చివరి ఆయన మొత్తం సెట్టును ఇనుప సామాను ధరకు అడిగి, నేను ఏమీ అనకపోతే అదే ఒప్పుకోలు అనుకుని ఆటో పిలవబోయాడు. బాపు వచ్చి ఆపారు. మరునాడు కంప్యూటర్‌తో సహా నన్ను చాచా దుకాణానికి తీసుకెళ్లారు.

చాచా నా కంప్యూటర్ వైపు చూడనైనా లేదు. "మొత్తం కొనేటోడు ఊరికి ఒక్కడుంటడు బిడ్డా. ఆడు చెప్పిందే ధర అయితది. ఇప్పి పెట్టు. ఒక్కొక్కదానికి ఒక్కొక్కరు యాడనో ఎదురుసూస్తుంటరు" అన్నారు.

ఆ మాట నన్ను పట్టుకుంది. నా మానిటర్ కోసం ఎదురుచూసే మనిషి ఎవరు? కీబోర్డు కోసం? అడిగాను. నా అంతట నేను ఒక కొత్త మనిషిని ప్రశ్న అడగడం అదే మొదలు అనుకుంటాను. ఆయనకు ముచ్చటేసింది. పచ్చ అక్షరాల మానిటర్ వేములవాడలో ఒక లాడ్జి కౌంటరు మీదికి పోతుందన్నారు. అక్కడ గదుల పట్టిక తప్ప ఇంకేమీ చూపించనక్కర్లేదట. కీబోర్డు టైపు నేర్పే చోటికి. వారం రోజుల్లో అన్నీ ఆయన చెప్పిన చోట్లకే వెళ్లాయి.

ఆయన పద్ధతులు నాలుగైదు ఉండేవి. పెయింటు వేసే మెత్తని కుంచెతో దుమ్ము దులపాలి, గుడ్డ తగలకూడదు. వచ్చినప్పటి అట్టపెట్టె ఉంటే పారేయకూడదు. కొత్తది బిగించిన వారంలోనే పాతది అమ్మాలి. చాలామంది పాతదాన్ని అటక మీద పెట్టి ఆరు నెలలకు దించుతారని, అప్పటికి దాన్ని అడిగేవాడు ఉండడని ఆయన బాధ. అన్నింటికన్నా పెద్ద పద్ధతి వేరే. ఆయన సరుకు కొని పెట్టుకునేవారు కాదు. అమ్మేవాళ్లనూ కొనేవాళ్లనూ బల్లకు అటూ ఇటూ కూర్చోబెట్టి టీ తెప్పించేవారు. అమ్మేవాళ్లు ముందుగా ఆ వస్తువులో లోపం ఏమిటో తమ నోటితో చెప్పాలి. లోపాన్ని ఆయన ఐబు అనేవారు.

"ఐబు ముందుగాల. ధర ఎనుక. ఐబు తెల్సినంక కొన్నోడు లొల్లికి మల్ల తిరిగి రాడు."

ఎదురుగా కూర్చుని చెప్పడం నా వల్ల కాలేదు. టీ చల్లారిపోయింది. ఆయన బల్ల సొరుగులోంచి ఒక చీటీ తీసి నా ముందు పెట్టారు. రాసి ఇమ్మన్నారు. రాయడమైతే నాకు వచ్చు. కీబోర్డులో ఏ మీట రెండుసార్లు పడుతుందో, మానిటర్ ఎంతసేపటికి వెలుగుతుందో రాశాను. చాచా ఆ చీటీలను దారం కట్టి భాగాలకు వేలాడదీశారు. హార్డ్ డిస్కు చీటీ మీద మాత్రం, లోపమేమీ లేదు అని రాశాను. అది నిజమనే రాశాను.

నా చేతిరాత ఆయనకు నచ్చింది. ఆ తర్వాత దుకాణానికి వచ్చిన ప్రతి భాగానికీ చీటీ రాసే పని నాకు వచ్చింది. వారానికి రెండు మధ్యాహ్నాలు వెళ్లేదాన్ని. ఆయన చెప్పేవారు, నేను రాసేదాన్ని. ఒకసారి 'యదృచ్ఛగా ఆగిపోవును' అని రాస్తే పక్కనున్న హోటలాయనతో చదివించుకుని నవ్వారు. "గిది కోర్టు కాయితమా బిడ్డా? నడుమ నడుమ ఆగుతది అని రాయి" అన్నారు. ఇప్పుడు నేను రాసే వాక్యాలు ఏ కొంచెమైనా సూటిగా ఉంటే అది ఆ చీటీల చలవ.

486 బోర్డు, పెద్ద డిస్కు, వాటికి తగిన మానిటర్, కీబోర్డు ఆయనే ఎవరి దగ్గరో చూసి ఇప్పించారు. మొదటి గైడు సగం పూర్తయింది. సంక్రాంతికి ఇంకా మూడు వారాలు ఉన్నాయి. అప్పుడు ఒక పొద్దున హోటలాయన వచ్చి, చాచా జల్దీ రమ్మంటున్నాడని చెప్పాడు.

దుకాణంలో ఒక నడివయసు ఆయన కూర్చుని ఉన్నారు. ఉట్నూర్ దగ్గర ఆశ్రమ పాఠశాలలో మాస్టారు. నేను లేనప్పుడు చీటీ చూసి నా పాత హార్డ్ డిస్కు కొన్నది ఆయనే. దాన్ని తువ్వాలలో చుట్టి ఒళ్లో పెట్టుకుని, లక్సెట్టిపేటలో బస్సు మారి వచ్చారు. చలి పెరిగిన దగ్గరినుంచి అది తిరగడం మానేసిందట. గోండు పెద్దలు చెప్పే కథలు ఆయన సాయంత్రాలు కూర్చుని, ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసి అందులో ఎక్కించుకుంటున్నారు. చెప్పిన పెద్దల్లో ఒకరు ఈమధ్యే పోయారట. ఆ కథలు ఇంకెక్కడా లేవు, ఆ డిస్కులోనే ఉన్నాయి. ఆయన కోపంగా లేరు. భయంగా ఉన్నారు.

చాచా దాన్ని తన మిషన్‌కు తగిలించి మూడుసార్లు కరెంటు ఇచ్చారు. చప్పుడు లేదు. నన్ను చూడమన్నారు.

నేను దాన్ని ఎడమ చేతిలోకి తీసుకున్నాను. చల్లగా ఉంది. కుడిచేతి నడిమి వేలు మడిచి, పక్క అంచు మీద ఒక్కసారి చిన్నగా కొట్టాను. డిస్కు సన్నగా ఈల వేసి తిరగడం మొదలుపెట్టింది. మాస్టారు లేచి నిలబడ్డారు. నేను సంతోషంగా చాచా వైపు చూశాను.

ఆయన డిస్కును చూడటం లేదు. నా చేతిని చూస్తున్నారు.

"ఎన్ని దినాల సంది కొడ్తున్నవ్ బిడ్డా?"

రెండేళ్లు అన్నాను. అన్న తర్వాత నాకు అర్థమైంది. చలికాలం పొద్దున లేచి, తల దువ్వుకున్నట్టే, నేను రోజూ దాన్ని ఒకసారి కొట్టేదాన్ని. అది లోపమని ఎన్నడూ తోచలేదు. కంప్యూటర్ అంటే అట్లాగే మొదలవుతుంది అనుకున్నాను.

"నీకు తెల్వది గని, నీ చెయ్యికి తెల్సు" అన్నారు చాచా. ఈసారి చీటీ ఇవ్వలేదు. టీ మాత్రం తెప్పించి నాకూ మాస్టారికీ మధ్య పెట్టారు. నేను ఏం చేయాలో చెప్పకుండానే తెలిసింది.

మాస్టారి ముఖం వైపు చూసి, "సార్, గిది ఐబే. నేను చీటీల రాయలే" అన్నాను. అంతవరకు వచ్చాక మిగతాది కూడా వచ్చింది. ఆయన కథలన్నీ ఫ్లాపీల్లోకి తీసి ఇస్తానని, ఇంట్లో ఉన్న పెద్ద డిస్కు విప్పి తెచ్చి దీనికి బదులు ఇచ్చేస్తానని చెప్పాను. అది ఇస్తే సగమైన గైడు ఆగిపోతుంది. ప్రెస్సు పని పోతుంది, కాన్వెంటు వస్తుంది. ఆ సంగతి చాచాకు తెలుసు. అయినా నన్ను ఆపలేదు. చేతులు కట్టుకుని బయట రోడ్డు వైపు చూస్తున్నారు.

మాస్టారు వంగి డిస్కు చప్పుడు విన్నారు. తర్వాత, "మా దిక్కు జీపు నలుగురు తోయకుంటే పొద్దుగాల లేవది చెల్లె. గిది ఒక్క ఏలుకు లేస్తున్నది. యాడ కొట్టాల్నో జర సూపియ్యి, సాలు" అన్నారు.

ముందు కథలన్నీ ఫ్లాపీల్లోకి ఎక్కించాము, దానికే మధ్యాహ్నం అయింది. తర్వాత కరెంటు తీసి, చల్లారనిచ్చి, ఆయనకు నేర్పించాము. మొదటిసారి గట్టిగా కొట్టారు. చాచా కళ్లు మూసుకుని, "సార్, అది దర్వాజ కాదు" అన్నారు. నాలుగోసారి పట్టుబడింది.  నా పాత చీటీ చింపేసి, కొత్తది రాసి, కొట్టాల్సిన చోట పెన్సిలుతో గుర్తు గీసి ఇచ్చాను.

నేను డిస్కు ఇస్తాననకపోతే ఏం చేసేవారని కొన్ని రోజుల తర్వాత చాచాను అడిగాను. "ఏం జేస్తుంటి, ఇంకొకల్లతోని చీటీలు రాయించుకుంటుంటి" అన్నారు. చాలా మామూలుగా అన్నారు. ఆయన ఆ పని చేసి ఉండేవారని నాకు ఇప్పటికీ నమ్మకమే.

ఆనాటినుంచి దుకాణం పద్ధతి మారింది. ఎవరు ఏం అమ్మడానికి తెచ్చినా, ఇంట్లో ఎట్లా మొదలుపెడతారో అట్లాగే మొదలుపెట్టి చూపించమనేవారు. వస్తువును వదిలేసి వాళ్ల చేతులు చూసేవారు. నన్నూ చూడమనేవారు. అది ఎంత వింతగా ఉండేదో చెప్పలేను. గ్రానైటు ఆఫీసులో గుమాస్తా ఒకాయన, స్విచ్చి వేస్తూనే మోకాలితో కంప్యూటర్ డబ్బాను గోడకు అదిమిపెట్టాడు. ఎందుకని అడిగితే ఏమో అన్నాడు. విప్పి చూస్తే లోపల ఒక తీగ వదులుగా ఉంది. ఒక డాక్టరమ్మ మానిటర్ మీద అరచేయి వేసి, బొమ్మ నిలబడేదాకా తీయలేదు. జ్వరం చూస్తున్నట్టు ఉంది. ఆమెకు తాను చేయి వేశానని కూడా తెలియదు. ఎవరూ అబద్ధం చెప్పేవారు కాదు. తమ వస్తువుకు తామే సగం మరమ్మతు అయిపోయామని వాళ్లకు తెలియదు, అంతే. నేను అవి రాసుకునేదాన్ని. బడిలో ఏ పాఠమూ నన్ను అంత ఆశ్చర్యపరచలేదు.

గైడ్లు మూడూ అందించాను. ఆ పనే ఇప్పటికీ చేస్తున్నాను. కాన్వెంటుకు పోలేదు. కానీ చాచా బల్ల దగ్గర కూర్చుని కొత్తవాళ్లతో మాట్లాడటం వచ్చింది. ముందుగా ఏది చెప్పడం కష్టమో అది చెప్పేస్తే, తర్వాత మాటలు అంత బరువుండవని ఆయన దగ్గరే తెలిసింది.

ఆయన పోయిన నాలుగో రోజు ఉట్నూర్ బస్సు ఎక్కాను. మాస్టారికి ఉత్తరం రాయవచ్చు. చాచా అయితే ఉత్తరం ఒప్పుకోరనిపించింది. నా భాగాలు వెళ్లిన చోట్లలో ఒక్కదాన్నైనా కళ్లతో చూడాలని కూడా ఎన్నాళ్లుగానో ఉంది. జన్నారం దాటాక అడవి మొదలైంది. కిటికీలోంచి చలి కోస్తూ వచ్చింది.

పాఠశాల చివరి గదిలో కంప్యూటర్ ఉంది. మూత తీసేసి ఉంది, డిస్కు పైకే కనిపిస్తోంది. మాస్టారు నన్ను చూసి సంతోషించి, పక్కకు జరిగి కుర్చీ ఇచ్చారు. ఈ చలికి పొద్దున ఒక్కసారి లేపితే, బడి విడిచేదాకా ఆపనని, మధ్యలో ఆపితే మళ్లీ లేస్తుందో లేదోనని చెప్పారు. నేను కూర్చోలేదు.

"సార్, చాచా లేరు" అన్నాను.

ఎప్పుడని అడిగారు. చెప్పాను. ఆయన తెర వైపు తిరిగారు. సగంలో ఉన్న వాక్యం పూర్తి చేశారు. దాన్ని భద్రపరిచారు. తర్వాత చేయి చాపి, పట్టపగలే కరెంటు తీసేశారు.

తెర నల్లబడింది. డిస్కు వెంటనే ఆగలేదు. ఈల కొంచెం కొంచెంగా దిగుతూ, గాలిలా మారి, ఊపిరిలా మారి, ఇంకా వినబడుతూనే ఉంది. మేమిద్దరం నిలబడి విన్నాం. ఆగిందో, ఇంకా తిరుగుతోందో తెలియని చోట చాలాసేపు ఉండిపోయింది.