పెళ్లిచూపులకొచ్చిన మగ ఈగలు

ఆ రోజుల్లో కలకత్తాలో మా తెలుగువాళ్లని ‘ఏం పని చేస్తున్నావు’ అని అడగక్కర్లేదు, పక్కన కూర్చుంటే ముక్కే చెప్పేసేది. సంత్రాగాఛి రైల్వే యార్డులో పనిచేసే మా నాన్న దగ్గర డీజిలూ తుప్పూ కలిసిన వాసన. ఏక్‌బాల్‌పూర్‌లో ఉండి ఓడరేవులో డాకు పనికి వెళ్లే శ్రీకాకుళం మనుషుల దగ్గర గోనెసంచుల వాసన. మరి నా దగ్గర? బట్టల సోడా వాసన. ఎందుకంటే నా ఉద్యోగం సీసాలు కడగడం. (మా రైల్వే క్వార్టర్ల లైనులో ఈ సంగతి ఒక్కడికీ తెలీదు. ఎందుకు తెలీదో కాస్సేపట్లో చెబుతాను.) ఇరవై రెండేళ్ల వయసులో ఆ సోడా వాసన వదిలించుకుందామని నేను చేసిన ఘనకార్యం గురించి ఇప్పుడు నలుగురిలో చెబితే నవ్వుతారు, నేనూ నవ్వుతాను. కానీ ఇంటికొచ్చి ఒక్కణ్ణీ కూర్చున్నప్పుడు, అంత పని చేసింది నేనేనా అని ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

నగరానికి దక్షిణపు కొసన పురుగుల మీద పరిశోధన చేసే చిన్న ఆఫీసొకటి ఉండేది. అందులో పెద్దాయన్ని అందరం చష్మాదాదా, అంటే కళ్లజోడు అన్నయ్య, అనేవాళ్లం. ముక్కు మీద ఒక కళ్లజోడు, నుదుటి మీద ఇంకోటి, ఎప్పుడూ రెండూ ఉండేవి. ఆయన మామిడితోటల్లో ప్లాస్టిక్ సీసాలు వేలాడదీయించేవాడు. ఒక్కో సీసాలో చిన్న దూది ఉండ. ఆ దూది మీద గోధుమరంగు బుడ్డిలోంచి నాలుగు చుక్కలు. వారం తర్వాత ఆ సీసాలు నా దగ్గరికి తిరిగొచ్చేవి, నిండా చచ్చిన పండీగలతో, అదే, పళ్లని పాడుచేసే ఈగలతో. నడుం సన్నగా, ఒంటి మీద పసుపు చారలతో చిన్నసైజు కందిరీగల్లా ఉండేవి. వాటిని కాగితం మీద బోర్లించి ఇచ్చి, సీసా కడిగి ఆరబెట్టడం నా పని. తోటలకి నన్నెప్పుడూ తీసుకెళ్లలేదు, నేనూ అడగలేదు. రోజూ ఆ చుక్కలు చూస్తున్నాను, రోజూ చచ్చిన ఈగల్ని చూస్తున్నాను. కాబట్టి ఆ వాసన తగిలితే చాలు ఈగ చచ్చి ఊరుకుంటుందని నాకు నేనే తీర్మానించేసుకున్నాను. ఎవర్నీ ఒక్క ముక్క అడగలేదు. (అడిగితే నాకు తెలీదని తెలిసిపోతుంది కదా!)

ఆ బుడ్డిలోది ఎంత కమ్మటి వాసనో! లవంగం, దాని వెనక కాస్త తులసాకు. మూత తీసినప్పుడల్లా నా ప్రాణం లేచొచ్చేది.

అలాంటి రోజుల్లో మా మేనత్త నాకు ఏక్‌బాల్‌పూర్‌లో సంబంధం చూసింది. మా అమ్మకి కీళ్లనొప్పులు, నాన్నకి ఆదివారాలు కూడా డ్యూటీ, అంచేత మా ఇంట్లో శుభకార్యాల పెత్తనమంతా అత్తదే. శుభ్రం విషయంలో ఆవిడ తర్వాతే ఎవరైనా. లోకల్ రైల్లో సీటు సైతం కొంగుతో తుడిచి కూర్చునే మనిషి. ఆవిడ ఆడపిల్లవాళ్లకి ‘మావోడు సైంటిస్టు’ అని చెప్పేసింది. ఆ మాట ఆవిడకి ఎవరు చెప్పారంటారా? నేనే. ఉద్యోగంలో చేరిన రోజు లైనంతా చుట్టూ మూగి అడిగితే నోరు జారింది. ఆ తర్వాత దాన్ని వెనక్కి తీసుకునే ధైర్యం రాలేదు.

సైంటిస్టు సోడా వాసనతో పెళ్లిచూపులకి వెళ్తే ఏం బాగుంటుంది? శనివారం సాయంత్రం చష్మాదాదా అటు తిరగ్గానే ఓ ఖాళీ హోమియోపతి మాత్రల సీసాలోకి ఆ బుడ్డిలోంచి కొంచెం వంపేసుకున్నాను. దొంగతనం అన్న మాట అప్పుడు మనసులోకి రాలేదు. ఇప్పుడు ఆ మాట తప్ప ఇంకోటి రావడం లేదు.

ఆదివారం పొద్దున్నే నేనూ అత్తా బయల్దేరాం, హౌరా దాకా రైలు, అక్కణ్ణించి బస్సు. మామిడిపళ్ల రోజులు, బస్సు నిండా బుట్టలే. ఏక్‌బాల్‌పూర్ సందు మొదట్లో అత్తరు దుకాణం, దాని ముందు నుంచి తెల్ల కుర్తాలవాళ్లు చెవి మడతలో అత్తరు దూది పెట్టుకుని దర్జాగా వెళ్తున్నారు. అది చూడగానే నాకు ఉపాయం తట్టింది. చెప్పు సర్దుకునే మిషతో వెనకబడి, ఆ దుకాణంలోనే చిటికెడు దూది అడిగి తీసుకుని, జేబులోని సీసాని దాని మీద ఒంపి, కుడిచెవి మడతలో దోపుకున్నాను.

అత్త ముక్కు ఎగబీల్చింది. “ఏటిరా బావూ, లవంగం నమిలినావా?”

“సెంటత్తా. మా ఆఫీసుది. దీనికి ఈగా దోమా దగ్గరికి రావు.”

“అలాగా! సదువుకున్నోడివి, నీకు తెలీదేటి,” అని మురిసిపోయింది పిచ్చి అత్త.

అది ఒక్క గదీ వరండా ఉన్న ఇల్లు. ముందు చిన్న పెరడు, పెరట్లో జామచెట్టు, గోడ అవతల ఎవరిదో మామిడిచెట్టు. ఆ ఇంటావిడ తెల్లారకుండానే లేచి కడిగినట్టుంది, గచ్చు ఇంకా తడిగా మెరుస్తోంది. మంచం మీద మడత విప్పిన కొత్త దుప్పటి. నన్ను వరండాలో ఫ్యాను కింద కూర్చోబెట్టారు. పళ్లెంలో బెంగాలీ మిఠాయి సందేశ్‌లూ, మామిడిపండు ముక్కలూ తెచ్చి పెట్టారు. ఆ అమ్మాయి టీ తెచ్చి, వంచిన తల వంచినట్టే ఉంచకుండా, ఓసారి తిన్నగా నా వంక చూసి వెళ్లి తలుపు దగ్గర నిలబడింది. నాకు చాలా నచ్చింది. సైంటిస్టులా కనబడాలని నుదురు ముడిచాను.

అప్పుడు మొదటి ఈగ వచ్చింది.

నా చెవి మీద వాలింది. విదిలించాను. మళ్లీ వాలింది. ఈసారి ఇంకో నాలుగింటిని తీసుకొచ్చింది. సరిగ్గా అప్పుడే లోడ్‌షెడ్డింగ్, ఫ్యాను ఆగిపోయింది. ఇక చూడండి! జామచెట్టు మీంచీ, గోడ అవతల నుంచీ, సందులోంచీ, ఎవరో కబురు పెట్టి పిలిచినట్టు బిలబిలమంటూ వచ్చేశాయి. పది, యాభై, ఆ తర్వాత నేను లెక్క మానేశాను. చెవి మీద, మెడ మీద, కాలరు మీద. కుట్టవు, కరవవు, కొట్టినా లేవవు. మూతులు ఆనించి నాకుతూ కూర్చున్నాయి. అందులో ఒకటి జారి నా అరచేతిలో పడింది. సన్నటి నడుం, పసుపు చారలు. రెండేళ్లుగా రోజూ చూస్తున్న ఈగలే అవి. ప్రాణంతో ఉండగా చూడటం మాత్రం అదే మొదలు.

“ఓలమ్మో! ఏటివి? కందిరీగలా?” అని అత్త కుర్చీ ఎక్కినంత పని చేసింది. పిల్ల తండ్రి భుజం మీది తువ్వాలు తీసి, “కదలకు బాబూ,” అంటూ నా చెవి మీద ఫెడీమని ఒక్కటిచ్చాడు. ఈగలు లేచి, ఆయన తువ్వాలు తీయగానే మళ్లీ కూర్చున్నాయి. ఇంటావిడ విసనకర్ర పట్టుకుని విసురుతోంది. “ఎప్పుడూ ఇలగ నేదు వదినా, ఒట్టు, మాయింట్లో ఈగలే నేవు…” అంటోంది. కళ్లలో నీళ్లు తిరిగిపోయాయి.

“అమ్మా,” అంది తలుపు దగ్గర్నించి ఆ అమ్మాయి. “మావిడి ముక్కల మీద ఒక్కటీ వాల్నేదు సూడు. సందేశ్ మీదా నేదు.”

“నువ్వూరుకోయే!” అని తల్లి కసిరింది.

అమ్మాయి కళ్లు పళ్లెం మీంచి మెల్లిగా నా చెవి దగ్గరికొచ్చాయి. చెవి దగ్గర్నించి నా కళ్లలోకి వచ్చాయి. అక్కడే ఆగాయి.

నేను అనాల్సింది ఒక్క మాట. ‘తప్పు నాది.’ అంతే. అంటే దూది సంగతి చెప్పాలి, దూది చెబితే దొంగతనం చెప్పాలి, అది చెబితే సీసాలు కడగడం చెప్పాలి. ఇదంతా రెప్పపాటులో నా బుర్రలో తిరిగింది. నోరు తెరిచి నేనేమన్నానో తెలుసా? “ఇంట్లో ఎక్కడో పళ్లు కుళ్లినట్టున్నాయి,” అన్నాను. సైంటిస్టు గొంతుతో.

అత్త లేచి నిలబడింది. “పద బావూ. ఇలాంటింట్లో పిల్లని సేసుకుంటావేటి? ఈగలకి కాపరం పెట్టినట్టున్నారు!” అని సందు మొదటి దాకా అంటూనే నడిచింది. తలుపులన్నీ తెరుచుకున్నాయి, మనవాళ్లందరూ విన్నారు. నేను దూది మురిక్కాలవలో పారేసి, చేతిపంపు కింద చెవి పెట్టి తోముకున్నాను. అయినా రెండు ఈగలు నాతో బస్సెక్కాయి.

సోమవారం చష్మాదాదా ముందు నిలబడి చెప్పేశాను. ధైర్యం వచ్చి కాదు, భయం పట్టలేక. “ఎ కీ కొరేఛో తుమి!” (ఎంత పని చేశావయ్యా!) అని అరిచి, వెంటనే నోటుబుక్కు లాక్కుని, “ఎన్నొచ్చాయి? ఎంతసేపట్లో? గాలి ఎటునుంచి?” అని మొదలెట్టాడు. తిట్లు తర్వాత వచ్చాయి. ఆ రోజు ఆయన బెంగాలీలో చెప్పిందంతా నోరు తెరుచుకుని విన్నాను. ఆ వాసన ఈగల్ని చంపదట, పిలుస్తుందట. సీసాలో వాటిని చంపేది వేరే చుక్క, అది తోటలోనే వేస్తారట. ఆ వాసన తులసాకులో ఉంటుంది, కొన్ని పువ్వులూ చేసుకుంటాయి. పువ్వుకి కాళ్లు లేవు కదా, వాసనతోనే పిలుస్తుంది. వచ్చిన ఈగ ఒంటికి పుప్పొడి అంటిస్తుంది, బదులుగా ఆ వాసన సరుకు తిననిస్తుంది. వచ్చేవన్నీ మగ ఈగలే, ఒక్క ఆడది రాదు. ఆ మగ ఈగ తిన్నదాన్ని ఒంట్లో సెంటుగా మార్చుకుని, సాయంత్రం ఆడ ఈగ ముందు ఒలకబోస్తుందట!

“అంటే దాదా, అవి కూడా పెళ్లిచూపులకి ముస్తాబవడానికే వచ్చాయా?” అన్నాను.

ఆయన నవ్విన నవ్వుకి నుదుటి మీది కళ్లజోడు ముక్కు మీది కళ్లజోడు మీద పడింది. తర్వాత రెండూ తీసి బల్ల మీద పెట్టి, “ఆ ఇంటివాళ్లకి చెప్పావా?” అన్నాడు. నేను తలవంచుకున్నాను. “దొంగతనం సంగతి నేను చూసుకుంటాను. నువ్వు ముందు అక్కడికి వెళ్లు. ఈరోజే.”

ఆ రోజు వెళ్లలేదు. మంగళవారం వర్షం అనుకున్నాను, బుధవారం తలనొప్పి అనుకున్నాను. మళ్లీ ఆదివారం దాకా లాగాను. వెళ్లి పెరట్లోకి అడుగు పెట్టేసరికి జామచెట్టు లేదు. మోకాలెత్తు మొద్దు, చుట్టూ ఎండిన ఆకులు.

“గురువారం కొట్టీసినాను బాబూ,” అన్నాడు పిల్ల తండ్రి. “ఈగలన్నీ సెట్టు నుంచే వొచ్చినాయని సందంతా అంటంటే… మా ఆడగుంట బడికెళ్లిన ఏడు వేసినాను.” ఇంటావిడ పంపు దగ్గర ఆడవాళ్లలోకి వెళ్లడం మానేసి, నీళ్లు చీకటితో తెచ్చుకుంటోందట. సోమవారం వచ్చి ఉంటే ఆ చెట్టుండేది. నా వర్షం, నా తలనొప్పి, ఇవి చెట్టుని నరికాయి. మొద్దు పక్కనే నిలబడి దూది దగ్గర్నించి సోడా దాకా అంతా చెప్పేశాను. ఆయన నన్ను కొట్టినా బాగుండేది. మొద్దు మీద కూలబడ్డాడు. అప్పుడు ఆ అమ్మాయి వరండాలోంచి అంది: “మాకు సెప్తే సాలదండి. మీ అత్త ఏ సోట అరిసిందో ఆ సోటే సెప్పాల.”

ఆ పై ఆదివారం అత్తని తీసుకెళ్లాను. రైల్లో అంతా చెప్పాను. ఈగలకి ఆవిడ అంత అదిరిపోలేదు. “సీసాలు కడుగుతావా? సొంతంగా? నీ సేతుల్తోనా?” అని హౌరా వచ్చేదాకా అదే మాట. కానీ మా అత్త మా అత్తే. సందు మొదట్లో ఆగి, ఆ రోజు కంటే రెండింతల గొంతుతో, “ఒలమ్మా, అందరూ ఇనండి! ఈగలు వదినింటివి కావు, మావోడివి! సెవిలో ఎట్టుకొని తెచ్చినాడు!” అని సందు ఆ కొస దాకా చాటింది. జనం నన్ను చూసి విరగబడి నవ్వారు. నేను మధ్యలో నిలబడి, “అవునండి, అవునండి,” అంటూ నడిచాను. అత్త ఆ ఇంటావిడ రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. ఇద్దరూ ఏడ్చారు. ఆ ఊపులో అత్త, “పిల్ల బంగారం వదినా, మావోణ్ణి సేసుకోండి, సీసాలు కడిగినా నికరమైన ఉద్యోగవే,” అనేసింది. తండ్రి కూడా మెత్తబడ్డాడు. నేను కాలరు సర్దుకున్నాను.

“నాను సేసుకోను,” అంది ఆ అమ్మాయి. గొంతులో కోపం లేదు. “ఈగలొచ్చినాయని కాదండి. సీసాలనీ కాదు. ఆ రోజే మీ సెవి కాడ దూది సూసినాను. మా అమ్మ ఏడుస్తంటే మీరేటంటారో అని ఎదురుసూసినాను.”

అంతే అంది. లోపలికెళ్లి అందరికీ టీ తెచ్చింది, నాక్కూడా.

తర్వాతి ఏడు ఆమెకి మంచి సంబంధం కుదిరిందని అత్తే చెప్పింది. నాకూ కొన్నేళ్లకి పెళ్లయింది. చష్మాదాదా నన్ను ఉద్యోగంలోంచి తియ్యలేదు, తోటలకి తీసుకెళ్లడం మొదలుపెట్టాడు. నాకు మిగిలింది ఓ వింత అలవాటు. ఇంట్లో ఏది తేడా జరిగినా ఎవరూ అడక్కముందే ‘నేనే’ అనేస్తాను. మొన్న పొద్దున్న పొయ్యి మీద పాలు విరిగిపోతే మా ఆవిడ, “అయ్యో, ఇదేటిలాగయింది!” అంది. నేను గుమ్మంలో పేపరు చదువుతూ, “నేనే,” అన్నాను. ఆవిడ గరిట పట్టుకుని బయటికొచ్చి, “పాలు విరిగితే మీకేటి సంబంధం?” అని కడుపుబ్బ నవ్వింది. నిజమే, సంబంధమేమీ లేదు. కానీ ఆ మాట ఒక్కసారి ఆలస్యంగా అన్నవాడిని, ఇప్పుడు కాస్త తొందరగా అంటే తప్పేముంది?