ఈదయ్య ఈల

ముందు ఈల వినిపించేది. మనిషి తర్వాత కనిపించేవాడు. సూర్యాపేట కాలేజీ మైదానం మీద తెల్లారీ తెల్లారకముందే మంచు పరుచుకుని ఉండేది. ఆ మంచులోంచి రెండు పొట్టి ఈలలు, ఒక పొడుగు ఈల. పొడుగు ఈల తెగేలోపు నేల మీద కూర్చున్న ఇరవై ఇద్దరు పిల్లలూ లేచి నిలబడాలి. ఎందుకని అడగకూడదు, పక్కకు చూడకూడదు. చెవికీ కాలికీ మధ్య మనసు అడ్డం రాకూడదన్నది హవల్దార్ ఈదయ్య నేర్పే మొదటి పాఠం.

ఆయన పుట్టింది నేరేడుచర్ల పక్క పల్లెలో, గొర్లకాపరుల ఇంట్లో. పద్దెనిమిదేళ్లకు మందను వదిలి మిలట్రీలో చేరాడు. ఇరవై ఏళ్లు చేసి 2001లో తిరిగొచ్చి, మరుసటేడు నుంచి ఆర్మీ భర్తీ ర్యాలీలకు పోయే పిల్లలకు పరుగు నేర్పడం మొదలుపెట్టాడు. ఛాతీ ఉబ్బించడం, ఆఖరి చుట్టుకు ఊపిరి దాచుకోవడం, బక్కవాడికి తూకానికి ముందు అరటిపండ్లు తినిపించి, కడుపు డోలయ్యేదాకా నీళ్లు తాగించడం, అన్నీ ఆయన విద్యలే. పదకొండేళ్లలో అరవై మందికి పైగా రైలెక్కించాడు.

చెమట ఆరేటప్పుడు పిల్లలు బార్డరు కథలు అడిగేవారు. ఆయన మంచు గురించి, బంకరు గురించి, రాత్రంతా మోగే తుపాకుల గురించి చెప్పేవాడు. తను తుపాకీ పట్టి పోరాడలేదని, లారీ నడిపాడని మాత్రం చెప్పేవాడు కాదు. కొండమీదికి రొట్టెలు, కిరసనాయిలు ఎక్కించేవాడు. దిగేటప్పుడు ఏం తెచ్చేవాడో ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు.

2013 జనవరిలో ఆయన దృష్టంతా సాయిబాబు మీద ఉంది. మాడుగులపల్లి ముత్తమ్మకు ఒక్కడే కొడుకు. తండ్రి లేడు. పరుగులో వాడి ముందు ఇంకొకడు లేడు. తూకమే నలభై తొమ్మిది కిలోల దగ్గర ఆగిపోయింది. యాభై ఉండాలి. ర్యాలీకి ఇంకా నాలుగు వారాలుంది.

"ఒరేయ్, గాలి జర గట్టిగొస్తే ర్యాలీ లేకుండనే బార్డర్ల పడ్తవ్ గదరా," అనేవాడు ఈదయ్య. "మీ గొర్లు మేసినంత నువ్వు మేసినా కిలో పెరుగుదువు."

"మా అమ్మ వాటికి పెట్టినంకనే నాకు పెడ్తది సార్," అనేవాడు సాయిబాబు. అందరూ నవ్వేవారు.

ఆ రోజుల్లోనే కోదాడ నుంచి మురళీధర్ ఫోన్ చేశాడు. ఆయన లెక్చరరు. నెలకో ఆదివారం మిర్యాలగూడలో ఒక ఫంక్షన్ హాలు తీసుకుని పాత సినిమాలు చూపిస్తుంటాడు.

"ఈసారి బ్లాక్ అండ్ వైట్ సినిమా అండీ. కందకాల్లో కుర్ర సైనికుల కథ. మీరు మిలట్రీ మనిషి కదా, చివర్లో నాలుగు మాటలు చెప్పాలి."

"యుద్ధం సినిమానా? అయితే మా పిలగాండ్లందర్ని తెస్త. జోష్ వస్తది."

మురళీధర్ ఏదో చెప్పబోయాడు. అప్పటికే ఈదయ్య పిల్లలను తీసుకెళ్లడానికి డీసీఎం వ్యాను ఎవరిని అడగాలా అని ఆలోచిస్తున్నాడు.

హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు, గోడకు తెల్లటి గుడ్డ, వెనక ప్రొజెక్టరు. ఈదయ్య పిల్లలు తెల్ల బనియన్లతో ముందు వరసల్లో కూర్చున్నారు. తెర మీది మాటలు చూసేవాళ్లెవరికీ తెలియని భాషలో ఉన్నాయి. మురళీధర్ మైకు పట్టుకుని ఓ పక్కన నిలబడి తెలుగులో చెబుతున్నాడు. మొదట తుపాకులు కనబడగానే పిల్లలు అరిచారు. తర్వాత వాన మొదలైంది. తెర మీద ఆ వాన ఎంతకీ వెలవలేదు. కందకంలో మోకాలి లోతు నీళ్లు. మీసాలు కూడా సరిగా రాని కుర్రాళ్లు ఆ నీళ్లలోనే నిలబడి నిద్రపోతున్నారు. పాదం కుళ్లిన ఒకడు, పక్కవాడి వీపు మీద కాగితం పెట్టి ఉత్తరం రాస్తున్నాడు.

"వాళ్లమ్మకు రాస్తున్నాడు," అన్నాడు మురళీధర్. "ఇక్కడ బాగుంది, పడుకోడానికి మంచి చోటు దొరికింది అంటున్నాడు."

ఈదయ్య కుర్చీలో సర్దుకున్నాడు.

నిచ్చెనలు వేశారు. కుర్రాళ్లు మట్టిగోడకు ఆనుకుని నిలబడ్డారు. అధికారి గడియారం చూసుకుని, ఈల నోట్లో పెట్టుకుని పొడుగ్గా ఊదాడు.

హాల్లో ఇరవై ఇద్దరూ లేచి నిలబడ్డారు.

ఒక కుర్చీ వెనక్కి పడింది. ఊరి జనం పకపకా నవ్వారు. పిల్లలు సిగ్గుపడ్డారు కానీ కూర్చోలేదు. కూర్చోమనే ఈల ఇంకా రాలేదు. ప్రొజెక్టరు వెలుగు వాళ్ల వీపుల మీద పడి, ఇరవై రెండు నీడలు తెర మీదికి వెళ్లాయి. నిచ్చెనలు ఎక్కుతున్న కుర్రాళ్లలో కలిసిపోయాయి. ఎవరు ఎవరో తెలియలేదు. తెర మీద ఒక్కొక్కడూ పడిపోతుంటే నీడలు మాత్రం నిలబడే ఉన్నాయి. సాయిబాబు సన్నటి నీడ అందరికంటే ముందుంది.

"కూసోండి రా," అన్నాడు ఈదయ్య. అది ఆయనకే వినబడలేదు.

సినిమా అయ్యాక మురళీధర్ మైకు అందిస్తే, "ఆలస్యమైతది సార్, పోతం," అని పిల్లలను తోలుకుని బయటపడ్డాడు.

మూడో రోజు మాడుగులపల్లి పోయాడు. వాకిట్లో ముత్తమ్మ పొట్టేలు పక్కన చెంబు పట్టుకుని ఉంది. పెద్దగట్టు లింగమంతుల స్వామికి దాన్ని బలిస్తానని మొక్కుకుంది. మీద నీళ్లు పోస్తే పొట్టేలు ఒళ్లు దులపాలి. దులిపితేనే దేవుడి దగ్గరికి వస్తానని ఒప్పుకున్నట్టు.

"జర ఆగు అన్నా. మూడు చెంబులు పోసిన. రాయి లెక్క నిలవడ్డది."

"ఇగ దులపకుంటే ఏం జేస్తవ్?"

"ఏం జేస్తరు, ఇడిసిపెడ్తం. రానన్నదాన్ని గుంజుకపోతమా?" ముత్తమ్మ చెంబు కింద పెట్టింది. "మావోనికి నీళ్లు తాపిస్తవంట గద, తూకానికి. మేం నీళ్లు పోసి గొర్రెను అడుగుతం. నువ్వు నీళ్లు తాపి పిలగాండ్లను తోలుతవ్. వాణ్ని ఒక్కపారన్న అడిగినవా అన్నా?"

ఆమె గొంతులో కోపం లేదు. ఈదయ్య వాడెక్కడున్నాడని మాత్రం అడిగి, అటు నడిచాడు.

సాయిబాబు పొలాల్లో మంద దగ్గరున్నాడు. ఇద్దరూ గట్టు మీద కూర్చున్నారు. ఈదయ్య లారీ సంగతి చెప్పాడు. దిగేటప్పుడు ఏం తెచ్చేవాడో చెప్పాడు.

"జెండా కప్పకముందు గవి వట్టి చెక్క పెట్టెలే బిడ్డా. మలుపు తిరిగినప్పుడల్లా ఒకటి జరుగుతుండె. అండ్లున్నోడు పొద్దుగాల నా దగ్గర రొట్టె తీస్కపోయినోడు. ఇంకొకటియ్యి అంటే, నేను ఇయ్యలే."

మంద మెల్లగా దూరం జరిగింది. సాయిబాబు కర్రతో మట్టి గీస్తున్నాడు.

"ఇప్పుడు అడుగుతున్న. పోతవా?"

"గా సినిమాల పోరగాండ్లను ఎవలన్న అడిగిన్రా సార్?"

"లేదు."

"నన్ను మీరు అడిగిన్రు. సాలు, పోత." వాడు నవ్వాడు. "ఈడుంటె ఏముంది సార్, గొర్లెంబడి తిరిగేటోనికి పిల్లనెవలిస్తరు?"

ఆపడానికి అడిగిన మాటే వాడికి బలమైపోయింది.

ర్యాలీ రోజున ఆయన నీళ్లు తాగించలేదు. గేటు బయటే నిలబడ్డాడు. సాయిబాబు తనే తాగాడు. యాభై మీద రెండు వందల గ్రాములు ఎక్కువే తూగాడు, ఆ ఏడే రైలెక్కాడు. ముత్తమ్మ పొట్టేలు మాత్రం ఆఖరి దాకా ఒళ్లు దులపలేదు. అది ఇప్పటికీ మందలోనే ఉంది.

2014 నుంచి మైదానంలో ఆయన ఈల లేదు. "లేవుండ్రి బిడ్డా" అంటాడు ఈదయ్య. కొందరు లేస్తారు, కొందరు ఇంకాసేపు కూర్చుంటారు. కొత్తగా వచ్చినవాళ్లకు మొదటి రోజే లారీ కథ చెబుతాడు. సగం మంది మర్నాడు రారు. అటు పక్క ఇంకో మాస్టరు వచ్చాడు, ఆయన ఈల ఇక్కడిదాకా వినబడుతుంది. అది మోగినప్పుడల్లా ఈదయ్య కాళ్లు ఉలిక్కిపడతాయి.

ఈ కథ రాయడానికి వచ్చిన మనిషిని గేటు దాకా సాగనంపుతూ ఆయన ఆగాడు. జేబులోని ఫోను బయటికి తీసి ఓసారి చూసి, మళ్లీ లోపల పెట్టుకున్నాడు.

"సాయిబాబు అయితారం అయితారం ఫోన్ జేస్తడు సార్. మంచిగున్న, పండనీకె మంచి జాగ దొరికింది అంటడు. నేను గూడ నన్ను గన్న మా అవ్వకు ఇరవై ఏండ్లు గదే రాసిన."