బయటివాడు గడప తొక్కేదెప్పుడు

మొన్న అశోక్‌నగర్ సందులో నడుస్తుంటే అప్పుడే తీసిన జిరాక్స్ కాగితాల వేడి వాసన ముక్కుకు తగిలింది. వెంటనే పైన కోచింగ్ సెంటర్ కిటికీలోంచి మైకు గొంతు వినిపించింది. "రాసుకోండి. అంతర్జాతీయ నేర న్యాయస్థానంలో మన దేశం చేరకపోవడానికి కారణం సార్వభౌమత్వ పరిరక్షణ. ఫుల్‌స్టాప్." నా ఒళ్ళు మండిపోయింది. ఫుల్‌స్టాప్ అట! ఇదే పాఠం నాకు చెప్పిన నర్సింగం సార్ అక్కడ ఏనాడూ ఫుల్‌స్టాప్ పెట్టలేదు. ఆయన పోయారు. ఆయన చెప్పినదాంట్లో సగం మాత్రం మైకులో హాయిగా బతికుంది.

నేను ఉద్యోగ పరీక్షలకు చదువుతున్న రోజుల్లో చిక్కడపల్లిలో ఒక అపార్ట్‌మెంట్ పైన, పెంట్‌హౌస్ గదిలో ఇంకో ఇద్దరమ్మాయిలతో కలిసి ఉండేదాన్ని. రెండో అంతస్తులో కిరాయికి ఉండేవారు సార్. లా కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరై, మా కోచింగ్‌కు వచ్చేవారు. నరమేధాలు, యుద్ధ నేరాలు చేయించిన పెద్దమనుషుల్ని విచారించే ఆ కోర్టు సంగతి వచ్చిందంటే చాలు, ఆయనకు కోపం ముంచుకొచ్చేది. ప్రపంచానికి నీతులు చెప్పే పెద్ద దేశాలు కొన్ని ఆ కోర్టులో చేరనే చేరవనీ, వేరేవాళ్ళను మాత్రం దాంట్లోకి నెట్టడానికి ముందుంటాయనీ, అటువంటి కోర్టును మనం అనుమానించడంలో తప్పేం లేదనీ బల్ల గుద్ది చెప్పేవారు. అక్కడిదాకా అందరూ గబగబా రాసుకునేవాళ్ళు. ఆ తర్వాత సార్ రెండో ముక్క మొదలుపెట్టేవారు. సొంత దేశం నిజాయితీగా విచారణ జరిపితే ఆ కోర్టు వేలు పెట్టదని దాని చట్టంలోనే ఉంది కదా అనేవారు. "బయటోడు మన గడప తొక్కొద్దంటే మన ఇంట్ల మనమే తీర్పు చేసుకోవాలె. తీర్పు చెయ్యకుంట తలుపు పెట్టుకుంటే అది సార్వభౌమత్వం కాదు, నేరం దాచుడు."

ఈ మాట దగ్గర పెన్నులు ఆగిపోయేవి. అచ్చువేసిన మెటీరియల్‌లో అది లేదు మరి. పిల్లలు తికమక పడుతున్నారు, ఆ రెండో ముక్క వదిలేయండి సార్ అని కోచింగ్ యజమాని చాలాసార్లు బతిమాలాడు. వదిలితే మొదటి ముక్క అబద్ధమైపోతుందని సార్ మొండికేశారు.

మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ యాదయ్య. పాలమూరు నుంచి పొట్ట చేతబట్టుకొని వచ్చి, భార్య బాలమణితో మెట్ల కింది గదిలో ఉండేవాడు. ఒక ఆదివారం పొద్దున మోటారు గదిలో రాగి వైరు కనపడలేదు. నేను పాలకోసం కిందికి దిగేసరికి ఆ గది తలుపు సగం తీసి ఉంది. అసోసియేషన్ సెక్రటరీ ప్లాస్టిక్ పైపుతో యాదయ్యను కొడుతున్నాడు. ఇద్దరు ఫ్లాట్ల ఓనర్లు అతణ్ని పట్టుకొని ఉన్నారు. దెబ్బకు అడ్డం పెట్టిన కుడిచెయ్యి విరిగింది. నేను కేకపెడితే వదిలారు. సాయంత్రానికి ఎలక్ట్రీషియన్ ఫోన్ చేసి, వైరు కాలిపోయిందని తనే తీసుకెళ్ళానన్నాడు. ఇంత జరిగినా ఒక్కడి నోట తప్పయిందన్న మాట వస్తే ఒట్టు! చేతికి కట్టు కట్టించారు, అదే మహా ఉపకారమన్నట్టు మొహాలు పెట్టారు.

వారం తర్వాత పార్కింగ్‌లో కుర్చీలేసి మీటింగ్ పెట్టారు. బిల్డింగు సంగతి బిల్డింగులోనే ఉండాలి, పోలీసులొస్తే పరువు పోతుంది, ఫ్లాట్ల రేటు పడిపోతుంది, ఇదీ వాళ్ళ గోల. గణేశ్ మండపం దగ్గర సార్ సార్వభౌమత్వం గురించి మాట్లాడితే అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టినవాడు ఈ సెక్రటరీయే. సిగ్గులేకుండా అదే మాట సార్ మీదికి తిప్పాడు.

"మీరే అంటరు గద సార్, మన ఇంట్ల బయటోళ్ళు తల దూర్చొద్దని."

"అంట, ఇప్పుడు గూడ అంట," అన్నారు సార్ లేచి నిలబడి. "అందుకే వారం ఆగిన. మీలో ఒక్కరన్న తీర్పు చెప్తరని చూసిన. చెప్పలే. ఇగ బయటోడు వస్తడు."

తర్వాత యాదయ్య వైపు తిరిగి, కేసు పెడదామా, నువ్వు సరే అంటేనే అని అడిగారు. యాదయ్య కట్టు కట్టిన చెయ్యి ముందుకు చాపాడు. "చెయ్యి పోయింది సార్. ఇజ్జత్ గూడ పోవాల్నా? పెడదాం," అన్నాడు. సార్ అతణ్ని స్కూటర్ వెనక ఎక్కించుకొని స్టేషన్‌కు తీసుకుపోయారు.

నెల తిరక్కుండా ఓనర్ సార్ చేత ఇల్లు ఖాళీ చేయించాడు. బర్కత్‌పురలో ఒక గది చూసుకున్నారు. యాదయ్య కొలువూ పోయింది. సాక్షి కావాలని మాత్రం సార్ నన్ను ఒక్కనాడూ అడగలేదు. నేనే వెళ్ళి సాక్ష్యం చెప్తానంటే, పరీక్షల ముందు కోర్టుల చుట్టూ తిరిగితే పరేషాన్ అయితవు బిడ్డా, ఆలోచించుకో అన్నారు. నాకు ఎక్కడలేని కోపమొచ్చింది. క్లాసులో ఒకటి చెప్పి ఇక్కడ ఇంకోటి చెప్తారేంది సార్ అని ఆయన మీదే అరిచేశాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఊళ్ళో మా నాన్న ఫోన్లో, ఊరి గొడవలన్నీ నీకే కావాల్నా అని తిట్టాడు. అయినా స్టేషన్‌కు వెళ్ళి చూసింది చెప్పాను.

ఆ తర్వాత నాకు ఉద్యోగం వచ్చింది. సార్ గుండెపోటుతో పోయారు. కేసు మాత్రం వాయిదాల మీద వాయిదాలు. సరిగ్గా అతుక్కోని చెయ్యితో యాదయ్య ప్రతి వాయిదాకూ పాలమూరు నుంచి బస్సెక్కి వస్తాడు. సార్ ఉంటే ఈపాటికి ఎంతమందిని నిలదీసేవారో! ఆయన కోపం ఇప్పుడు నా పాలబడింది. వద్దనుకున్నా వదలదు.

పోయిన నెల నా సాక్ష్యం రోజు. కోర్టు వరండాలో సెక్రటరీ నవ్వుతూ దగ్గరికొచ్చాడు. బిడ్డా, ఆ బిల్డింగు ఎప్పుడో వదిలినవ్, సార్ గూడ లేడు, బయటిదానివి నీకెందుకమ్మా ఇదంతా అన్నాడు, ఎంతో ప్రేమ ఒలకబోస్తూ.

"బయటిదాన్నే," అన్నాను. "ఇంట్లోళ్ళు ఒక్కరన్న వచ్చుంటే నేను రాకపోదును."

బంట్రోతు నా పేరు పిలిచాడు. యాదయ్య లేచి నాకు దారిచ్చాడు. లోపలికి వెళ్ళి చూసింది చూసినట్టు చెప్పాను.