ఎర్త్ వైరు తీసేసిన తొమ్మిది పెట్టెలు

తాళంచెవులు చేసే కొట్టుకీ, ఇస్త్రీ కొట్టుకీ మధ్య ఆరడుగుల వెడల్పున ఒక గది. అందులో రేడియోలు, టేప్ రికార్డర్లు, పాత ఆంప్లిఫయర్లు బాగుచేసే ఒకావిడ ఉండేది. వయసు యాభై తొమ్మిది. ఆమెకంటే పెద్దవాళ్ళు కూడా రేడియో అక్క అనే పిలిచేవారు. కొట్టు వెనకాలే ఇంకో చిన్న గది, అందులో ఒక మంచం, ఒక పొయ్యి. కిటికీ తీస్తే పక్కింటి గోడ చేతికందేది.

పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "వచ్చినవాళ్ళెవరికీ స్టేషన్ పట్టడం రాలేదు" అని నవ్వేది. అడిగినవాళ్ళూ నవ్వేవాళ్ళు, సెట్టు తీసుకుని వెళ్ళిపోయేవాళ్ళు. ఆదివారం ఉదయం చెల్లెలు ఫోన్ చేసేది. తిన్నావా అంటే తిన్నాను, మోకాలెలా ఉంది అంటే ఉంది. అయిదు నిమిషాల్లో మాటలు అడుగంటేవి. ఫోన్ పెట్టేశాక కూడా ఆమె కాసేపు దాన్ని చేతిలోనే పట్టుకుని కూర్చునేది.

సాయంత్రాలు మాత్రం ఆమె దగ్గర ఒక సుఖం ఉండేది. మంచం పక్కన స్టూలు మీద నల్లరంగు వేసిన ఇనుప పెట్టె, దాని నెత్తిన రెండు గాజు వాల్వులు. అది హెడ్‌ఫోన్లకి వాడే ఆంప్లిఫయర్. వయసులో ఉన్నప్పుడు తన చేతులతో తనే కట్టుకుంది. వాల్వులు వెచ్చబడి నారింజరంగులోకి తిరిగేదాకా ఆగి హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే, పాడేవాళ్ళు ఊపిరి తీసుకోవడం కూడా వినిపించేది. ఆ గదిలో ఆమెకి వినిపించే మనుషుల ఊపిరి అదొక్కటే.

ఒక బుధవారం మధ్యాహ్నం, ముప్ఫై అయిదేళ్ళ స్త్రీ ఒకామె గుడ్డసంచీ మోసుకుంటూ కొట్టులోకి వచ్చింది. ముఖం కందిపోయి ఉంది.

"అక్కా, ఇది చూడండి. బాగుచెయ్యక్కర్లేదు. ఇందులో ఏముందో చెప్తే చాలు. పొద్దున మా నాన్నని చంపబోయింది."

సంచీలోంచి తీసింది నల్లరంగు ఇనుప పెట్టె. నెత్తిన రెండు వాల్వులు.

తండ్రి ఒకప్పుడు కోర్టులో టైపిస్టు. ఈ పెట్టెను ఎవరి దగ్గరో పాతది కొన్నాడు. తలకి హెడ్‌ఫోన్లు ఉండగానే, వాన జల్లు పడుతోందని కుర్చీ ఎక్కి కిటికీ మూయబోయి ఇనుప ఊచ పట్టుకున్నాడు. అంతే, చెయ్యి ఊచకి అతుక్కుపోయింది. అరుపు కూడా బయటికి రాలేదు. కాళ్ళ కింద కుర్చీ జారి, ఆయన పడి, ఆ పడటంలో ప్లగ్గు ఊడి వచ్చింది కాబట్టి బతికాడు. చెవి వెనక అర్ధరూపాయంత కాలిన మచ్చ మిగిలింది.

"కుర్చీ జారబట్టి సరిపోయింది," అంది ఆమె. "దీన్ని కట్టినవాడెవడో దొరకాలి నాకు."

రేడియో అక్క పెట్టెను బల్ల మీదికి లాక్కుంది. రేడియో ఫ్యాక్టరీలో పని నేర్పిన సూపర్‌వైజరమ్మ అలవాటు చేసినట్టే ఎడమచెయ్యి నడుము వెనక పెట్టుకుంది. రెండు చేతులూ లోపల పెడితే కరెంటు ఒక చేతిలోంచి ఇంకో చేతికి గుండె మీదుగా దారి వెతుక్కుంటుందని ఆవిడ చెప్పేది. కుడిచేత్తో అడుగురేకు మరలు విప్పి, మీటరు తీగలు ఆనించింది. ప్లగ్గు తీసి నాలుగు గంటలయింది. అయినా ముల్లు నూట నలభై వోల్టుల దగ్గరికి లేచి నిలబడింది. వాల్వులు రెండూ మాడిపోయాయి కాబట్టి, లోపల నిలవున్న కరెంటును ఖర్చుపెట్టే దిక్కులేదు. అలాంటప్పుడు దాన్ని మెల్లగా దించెయ్యడానికి ఒక చిన్న రెసిస్టర్ వెయ్యాలి. వెయ్యలేదు. ఆమె తీగలు తగిలించి ఆ కరెంటును దించేసింది. తర్వాత చూస్తే ట్రాన్స్‌ఫార్మర్ పూత పగిలి, వోల్టేజి ఇనుప పెట్టెకే ఎక్కుతోంది. ఎర్త్ వైరు ఉంటే అప్పుడే ఫ్యూజు ఎగిరి, పెట్టె దానంతటది చచ్చి ఊరుకునేది. ఆ వైరును ఎవరో నీటుగా కత్తిరించి, కొస మడిచి, టేపు చుట్టారు.

అడుగురేకు లోపలివైపు పెన్సిలుతో 4 అని రాసి ఉంది. నాలుగు కింది గీతకి చిన్న తోక. ఆ తోక ఆమెదే.

"ఏమైందక్కా?"

"ఏం లేదమ్మా. దీన్ని ఇక్కడే వదిలి వెళ్ళు. రేపు నేనే మీ ఇంటికొచ్చి చెప్తాను."

ఆమె వెళ్ళాక రేడియో అక్క తలుపు దగ్గరకి వేసి, లోపలికెళ్ళి తన పెట్టె ప్లగ్గు పీకేసింది.

ఇరవై ఏడేళ్ళ వయసులో, ఫ్యాక్టరీ పని అయ్యాక, ఆమె అలాంటివి తొమ్మిది కట్టింది. మొదటిది తనకి. దానిలో గుయ్యిమని సన్నటి రొద వచ్చేది. వారం రోజులు దానితో కుస్తీ పట్టింది. చివరికి ఎర్త్ వైరు తీసేస్తే రొద మాయమయింది. అది తప్పని ఆమెకి తెలుసు. ఫ్యాక్టరీలో రోజూ పరీక్షించేది అదే. వాల్వులకి మూడు వందల వోల్టులు కావాలి, ఆ మూడు వందల పక్కనే మనిషి చెవి ఉంటుంది. అయినా ఆ పెట్టె విన్నవాళ్ళంతా, "ఇంత శుభ్రమైన శబ్దం ఎక్కడా వినలేదు, నీ చేతిలో ఏదో ఉంది" అన్నారు. ఆమెను ఎవరైనా మెచ్చుకోవడం అదే మొదలు. మిగిలిన ఎనిమిదింటికీ వైరు తనే కత్తిరించింది. తర్వాత ఎప్పుడో సరిచెయ్యాలనుకుంది. ఎప్పుడో అనేది ముప్ఫై రెండేళ్ళయింది.

మర్నాడు టైపిస్టు ఇంటికి వెళ్ళింది. ఆయన చెవికి కట్టుతో కిటికీకి దూరంగా కూర్చున్నాడు. కూతురు టీ ఇచ్చింది. రేడియో అక్క గ్లాసు పట్టుకుని తాగకుండానే చెప్పేసింది.

"దాన్ని కట్టింది నేనేనమ్మా. ఎర్త్ వైరు తీసింది కూడా నేనే. తెలిసే తీశాను."

కూతురు ముఖంలో రంగు మారింది. "నిన్న నా ఎదురుగానే విప్పారు. అప్పుడే తెలుసు కదా మీకు?"

"తెలుసు."

"మరి చెప్పలేదే?"

"భయమేసింది."

కూతురు లోపలికెళ్ళిపోయింది. వంటగదిలో గిన్నెల చప్పుడు పెద్దదయింది. ముసలాయన తన చేతుల్నే చూసుకుంటూ అడిగాడు.

"మొత్తం ఎన్ని కట్టావమ్మాయ్?"

"తొమ్మిది."

"అయితే ఇక్కడ కూర్చుని ఏం చేస్తున్నావ్? లే."

ఆ మాటతో ఆమె లేచింది. కొట్టు తలుపుకి 'పని మీద బయటికి వెళ్ళాను' అని కాగితం అంటించింది. ఎవరికి ఏది ఇచ్చిందో ఆమెకి కళ్ళకి కట్టినట్టే గుర్తుంది. తీసుకున్నవాళ్ళే ఉన్నచోట లేరు. ఫ్యాక్టరీ మూతపడి పదిహేనేళ్ళు. పాత స్నేహితురాళ్ళ కొడుకులని, కోడళ్ళని పట్టుకుని అడుగుతూ బస్సులెక్కి దిగింది. రెండు పెట్టెలు అటకల మీద దొరికాయి. ఒకటి మెట్ల కింద దొరికింది, వైర్లు ఎలుకలు కొరికేశాయి. ఇంకోదాన్ని ఎవరో ఎప్పుడో వాల్వుల కోసం ముక్కలు చేశారు. ఏదో ఒక ఇంట్లో "కూర్చోండి, భోంచేసి వెళ్ళండి" అనేవాళ్ళు. ఆమెకి కూర్చోవాలనే ఉండేది. వచ్చిన పని చెప్పాక ఆ మాట మళ్ళీ ఎవరి నోటా వచ్చేది కాదు.

అయిదో పెట్టె కళ్ళజోళ్ళ కొట్టాయన దగ్గర ఉంది. రోజూ వాడుతున్నాడు. ఇవ్వనన్నాడు.

"ముప్ఫై ఏళ్ళబట్టి నన్నేమీ చెయ్యలేదమ్మా. నువ్వు చెప్తే ఇవాళ కొత్తగా కరుస్తుందా?"

ఆమె వాదించలేదు. మీటరు తీగ ఒకటి పెట్టెకీ, ఇంకోటి చేతులు కడుక్కునే కుళాయికీ తగిలించి, ముల్లు ఆయనవైపు తిప్పింది. నూట పన్నెండు.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. "నేను చెయ్యి కడుక్కునేది ఇక్కడేగా," అన్నాడు, గొంతు తగ్గించి. దాన్ని ఆయనే సంచీలో పెట్టి ఇచ్చాడు. వారం తర్వాత కొత్త ట్రాన్స్‌ఫార్మర్, ఎర్త్ వైరు, మూడు పిన్నుల ప్లగ్గు వేసి తెచ్చిస్తే, పెట్టుకుని విని, "కొంచెం గుయ్యిమంటోందే" అన్నాడు.

"అననివ్వండి," అంది ఆమె.

ఎనిమిదోది అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే ఆయనకి ఇచ్చింది. ఇల్లు వెతుక్కుంటూ వెళ్తే తలుపు తీసింది ఆయన భార్య. డెబ్భై దాటిన మనిషి. రెండు గదుల ఇల్లు, ఒకే ఒక కుర్చీ. ఆవిడ కుర్చీ ఆమెకిచ్చి తను మంచం మీద కూర్చుంది.

"ఆయన పోయి పదకొండేళ్ళయిందమ్మా. పాటలంటే పిచ్చి. అది నువ్విచ్చినదా? బంగారంలా చూసుకునేవారు."

"ఆయన ఎలా పోయారు పిన్నిగారూ?"

"గుండె ఆగిపోయిందన్నారు డాక్టర్లు. నేను కూరలకి వెళ్ళొచ్చేసరికి అలా కుర్చీలోనే ఉన్నారు. చెవులకి అది పెట్టుకునే ఉన్నారు. పాట ఇంకా వస్తోంది."

 పెట్టె ఎక్కడుందని రేడియో అక్క అడిగింది. ఆ ఏడే పాతసామాన్లవాడికి ఇచ్చేశారు. చూడటానికి మరి ఏమీ లేదు. ఆ ట్రాన్స్‌ఫార్మర్ బాగుందో, పగిలిందో, ఆయన చెయ్యి ఆ వేళ దేనికి తగిలి ఉందో ఇక ఎవరూ చెప్పలేరు.

"పిన్నిగారూ, ఆ పెట్టెలో ఒక లోపముంది. నేను చేసిందే. దానివల్ల..."

ముసలావిడ చెయ్యెత్తి ఆపింది. ఆవిడ కళ్ళలో మొదటిసారి భయం కనిపించింది.

"వద్దమ్మా. చెప్పకు. ఆయన పాట వింటూ వెళ్ళారు. పదకొండేళ్ళబట్టి నేను ఆ ఒక్క మాట పట్టుకునే రోజులు గడుపుతున్నాను. ఇంట్లో నాకింకేం లేదు. దాన్ని కూడా పట్టుకుపోకు."

రేడియో అక్క లేచి నిలబడింది.  ముసలావిడే గుమ్మం దాకా వచ్చి, "అప్పుడప్పుడు రా," అంది. ఆ పిలుపు నిజమేనని ఆమెకి అర్థమయింది. కానీ ఆ ఇంటికి మళ్ళీ వెళ్ళలేకపోయింది. రెండుసార్లు బస్సెక్కి వెళ్ళి, ఆ వీధి మొదట్లో దిగకుండానే ముందుకి పోయింది.

ఆ ఆదివారం చెల్లెలితో అంతా చెప్పింది. మొదటిసారి వాళ్ళ ఫోన్ గంట దాటింది.

"అక్కా, నువ్వు కావాలని చేశావా?"

"ఎవరినైనా చంపాలని చెయ్యలేదు. మెచ్చుకుంటారని చేశాను."

 "నువ్వు ఒక్కదానివే అన్నీ మోస్తావే," అని చెల్లెలు ఏడ్చింది. ఏడుపు విని ఈమె ఓదార్చింది.

ఇక మిగిలింది ఏడో పెట్టె. అది పోస్టులో వెళ్ళింది, కావాలని రాసిన ఒక ఉత్తరం చూసి, ముఖం తెలియని మనిషికి. ఆ చిరునామాకి రాసిన జాబు తిరిగి వచ్చింది. అప్పుడు పేపర్లో చిన్న ప్రకటన వేయించింది. నల్ల ఇనుప పెట్టె, రెండు వాల్వులు, లోపల పెన్సిలుతో ఏడు అంకె, ఉంటే వాడకండి, ఫోన్ చెయ్యండి.

ఫోన్లు వచ్చాయి. ఒక్కటీ ఏడోదాని గురించి కాదు. ఎవరెవరో ఇళ్ళలో కట్టినవి, సంతలో కొన్నవి, మేనమామలు ఇచ్చినవి. ముట్టుకుంటే వేళ్ళు జివ్వుమంటాయని ఒకరు, వాసన వస్తోందని ఒకరు. కొందరు ఊరికే తాము ఏమేం వింటారో చెప్పుకుంటూ పోయేవాళ్ళు. ఆమె మధ్యలో ఆపేది కాదు. తన పెట్టెను కూడా సరిచేసుకుంది గానీ, చాలా రోజులు హెడ్‌ఫోన్లు పెట్టుకోలేదు. పెట్టుకుంటే ఫోన్ వినిపించదని అనేది.

ఒక ఉదయం ఎవరో మగగొంతు, మెల్లగా, జంకుతూ అడిగింది. "పేపర్లో చూశానండీ. నాది నల్లది కాదు, తెల్లది. లోపల అంకెలేం లేవు. మరి నేను ఫోన్ చెయ్యొచ్చా?"

"చెయ్యొచ్చు. ముందు ప్లగ్గు తియ్యండి. స్విచ్చి కాదు, ప్లగ్గు."

"తీశాను."

"మూత తియ్యకండి. లోపల ఇంకా కరెంటు నిలవుంటుంది. అలాగే పట్టుకురండి, నేను దించుతాను. మీ ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా?"

"లేరండీ. నేనొక్కణ్ణే."

"అయితే బయల్దేరేదాకా దాని దగ్గర కూర్చోకండి," అని చెప్పి, ఆమె కొట్టు చిరునామా ఒక్కో అక్షరం విడదీసి రాయించింది.