మూడు దర్వాజలు, ఒక్కటే తొవ్వ

మొన్న ఆదివారం కోడలు మెదక్ ఖిల్లా చూస్తానంటే వెంట పోయాను. నా మోకాళ్ళు మొదటి దర్వాజ దాకే వస్తామన్నాయి. అక్కడే గడప రాయి మీద కూలబడి బోర్డు చదివాను. అక్షరాలు నాకు యాభై దాటాక వచ్చాయి, అందుకే కనిపించినదల్లా చదువుతాను, మందు సీసా అయినా సరే. కాకతీయుల కాలపు కోట, సింహద్వారం, గజద్వారం, పైన ధాన్యపు కొట్లు, మసీదు, అన్నీ రాశారు. ఆ దర్వాజలు ఒకదాని వెనక ఒకటి, ఒకే తొవ్వ మీద ఉంటాయని మాత్రం రాయలేదు.

నా పెండ్లయిన ఏడాది, సీతాఫలాల కాలంలో, చేగుంటలో మా అమ్మ మంచం పట్టిందని కబురొచ్చింది. "కోతలైనంక పోదువు తీ," అంది అత్త. మా ఆయన గోడ వంక చూశాడు. మర్నాడు కాయలకని అత్త నన్ను ఈ గుట్టకే తెచ్చింది. ఖిల్లాకు మూడు దర్వాజలని ఊరంతా అంటుంటే, ఇంటికున్నట్టే ముందొకటి, వెనకొకటి, పెరటి దిక్కు ఒకటి అనుకున్నాను. అత్త ఈ గడప మీద కూర్చుని కన్ను విచ్చిన కాయలు ఏరుతుంటే, "ఇంకిన్ని తెస్త," అని పైకి నడిచాను. సింహాలు దాటాను, ఏనుగులు దాటాను. అవతల దిగితే రోడ్డు, రోడ్డెక్కితే చేగుంట, అదీ నా లెక్క. అవతల దర్వాజే లేదు. గోడ, గోడ కింద నిట్టనిలువు బండ. దూరంగా బస్సు అగ్గిపెట్టెంత కనబడుతూ పోయింది. గోడ పట్టుకుని తిరిగాను. ఎంత తిరిగినా మళ్ళీ ఆ ఏనుగుల దగ్గరికే. కట్టినవాళ్ళు శత్రువుల కోసం కట్టారట. కోడళ్ళ సంగతి వాళ్ళకెందుకు.

కాళ్ళు గీరుకుపోయి, ఖాళీ చేతులతో దిగాను. అత్త గంపలోంచి తలెత్తలేదు.

"కాయలేవే?"

నేను ఖాళీ కొంగు దులుపుకున్నాను.

"ఒక్కటే తొవ్వ బిడ్డా," అంది. "నేను సుత ఎత్కిన."

గంప నా నెత్తిన పెట్టింది. కోతలయ్యాకే పంపారు. అప్పటికి అమ్మ లేదు. తానూ వెతికిన మనిషి నన్నెందుకు ఆపిందో, ఆమె పోయేదాకా అడగలేకపోయాను.

నా కోడలు చెమట తుడుచుకుంటూ పైనుంచి దిగొచ్చింది. "ఎన్కదిక్కు దిగనీకి లేదా అత్తమ్మా?"

లేదన్నాను. ఆనాడు అత్త అన్న మాటే నోటిదాకా వచ్చింది. దాన్ని మింగి, "మీ అమ్మను సూసొస్తవా రేపు?" అన్నాను.

"మొన్ననే పొయ్యొస్తి గద!" అని వింతగా చూసింది.

కాలం పోతుందంటారు. ఎటు పోతుంది? తిరిగి తిరిగి ఈ రాయి మీదికే వచ్చి కూర్చుంటుంది.