మడిపిల్ల వాళ్లక్క

సత్యవేడులో మా ఎదురింటి మునికుమారిని వీధిలో పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. "మడిపిల్ల వాళ్లక్క" అంటారు. ట్యాంకరు వచ్చిన రోజు "మడిపిల్ల వాళ్లక్కా, నీ బిందె పెట్టుకో" అని ఎవరో ఒకరు కేకేస్తారు. ఇంటర్ చదివే పదిహేడేళ్ల పిల్ల, తన వెనక పుట్టినదాని పేరు మీద బతకడమంటే ఎట్లా ఉంటుందో ఆ ముఖంలో కనబడేది. బిందె పెట్టేది గానీ, వీధంతా వినబడేటట్టు పెట్టేది.

మడిపిల్ల అంటే ఆమె చెల్లెలు అమల. పదో తరగతి. బడి నుంచి వస్తే సంచీ గడప బయటే పెట్టి, తల మీద నీళ్లు పోసుకుని గానీ లోపలికి అడుగు పెట్టదు. తాగే చెంబు తోమిందే తోముతుంది. దారిలో ఎవరైనా తగిలితే మళ్లీ స్నానం. వాళ్లవ్వ సుబ్బులమ్మకి అది చూస్తే కడుపు నిండేది. "ఈ కాలంలో ఇట్లాంటి బిడ్డ యాడ పుడతాది? మా అత్తే మళ్లా పుట్టింది" అని అరుగు మీద కూచుని వచ్చేపోయేవాళ్లకి చెప్పేది. వాళ్లూ అవునవునని తలూపి, ఆ పిల్లను చూసి చూసి పోయేవాళ్లు. లోపల అంట్లు తోముతూ మునికుమారి ఆ మాటలన్నీ వినేది.

పోయిన పెరటాసిలో, అంటే దసరా దగ్గర్లో వచ్చే అరవ నెలలో, జరిగింది ఇది. మా వైపు పెరటాసి శనివారాల్లో వెంకటేశ్వరస్వామికి తళిగ వేస్తారు. నానబెట్టిన బియ్యం దంచి, బెల్లం కలిపి, ఆ పిండితోనే దీపం చేసి, నెయ్యి పోసి వెలిగిస్తారు. అరిటాకులో పులిహోర, పొంగలి, వడలు పెడతారు. దీపం కొండెక్కేదాకా ఇంట్లో ఎవరూ మెతుకు ముట్టరు. తళిగ వేసే మనిషి మాటే ఆ రోజు ఇంట్లో మాట. మగవాళ్లు కూడా ఎదురు చెప్పరు. మా ఆయన పోయి ఏడాది తిరగలేదు కాబట్టి మా ఇంట్లో ఆ ఏడు తళిగ లేదు. మా వీధి ఇరుకు; మా వసారాలో కూచుని వాళ్ల వాకిట్లో జరిగేదంతా చూడడం, వినడమే నా పండగ.

సుబ్బులమ్మకి వేళ్లు వంగడం మానేశాయి. తళిగ ఎవరో ఒకరి చేతికి ఇవ్వాలి. కోడలు పంకజాక్షికి ఒంట్లో బాగుండదు, పొద్దున్నే ఏదో ఒకటి తినకపోతే కళ్లు తిరుగుతాయి. ఇక మిగిలింది మనవరాళ్లు. మునికుమారి పావడా కట్టిన నాటి నుంచి అవ్వ పక్కనే కూచుని రోలు దగ్గర పని నేర్చుకుంది. బియ్యం ఎంత తడి మీద దంచాలో దానికి చేత్తో తెలుసు. పిడికిట పడితే ముద్ద నిలవాలి, వేలితో తాకితే విరగాలి. తళిగ తనదే అనుకుంది. ఎవరైనా అట్లాగే అనుకుంటారు.

"ఈ తూరి తళిగ అమల వేస్తాది" అంది సుబ్బులమ్మ.

"దానికి బియ్యం నానబెట్టేది కూడా రాదు కదవ్వా! ఇన్నేండ్లు నీ పక్కన కూసున్నింది నేను."

"సేత్తో సేసేది యెవురైనా నేర్సుకుంటారు మే. మడి నేర్సుకుంటే వస్తాదా?"

ఆ సాయంత్రం మునికుమారి మా వసారాకి వచ్చి, నా ముందున్న మునగాకు లాక్కుని దూయడం మొదలుపెట్టింది. ఆకుతోబాటు కాడలూ పడుతున్నాయి.

"దేవుడు కూడా దాన్నే సూస్తాడా అత్తా?" అంది.

"నిన్ను సూడకుండా యాడికి పోతాడు?" అన్నాను.

"అందరూ దాన్నే సూస్తా ఉంటే ఆయనొక్కడు నన్నేం సూస్తాడు" అని కాడలతో సహా చేటలో పడేసి లేచిపోయింది.

మరునాటి నుంచి అదీ మడి మొదలుపెట్టింది. తెల్లారకముందే తలస్నానం, చెంబు తోమడం, ఎవరైనా దగ్గరికొస్తే "తగలొద్దండి" అనడం. పొద్దెక్కేసరికి తుమ్ములు పట్టుకున్నాయి. "దాన్ని సూసి కోతి మాదిరి సేస్తా ఉండావు. మడి మనసులో ఉండాల" అని అవ్వ నవ్వింది. వినేవాళ్లు కూడా నవ్వారు.

కానీ దానివల్ల మునికుమారికి ఒకటి తెలిసింది. చెంబు రెండోసారి తోమేటప్పటికి విసుగొస్తుంది. విసుగొస్తే చెయ్యి ఆగిపోతుంది. మరి అమలకి ఎందుకు ఆగదు? కనిపెట్టాలని వెనకవైపు తొట్టి దగ్గరికి పిల్లిలా పోయి నిలబడింది. అమల చేతులు కడుగుతూ ఏదో గొణుగుతోంది. అందరూ గోవిందనామాలు అనుకునేది అదే. దగ్గరికి పోయి వింటే నామం కాదు, ఏమీ కాదు. "ఇంగొక తూరి, ఇంగొక తూరి" అంటోంది. ఏడుస్తోంది.

అప్పుడు తనకి జాలేమీ వెయ్యలేదని మునికుమారే నాతో చెప్పింది. "దొరికినావులే అనుకున్నానత్తా. సంతోసమేసింది" అంది.

మొదటి శనివారం వచ్చింది. నొసట నామాలు పెట్టుకున్న పిల్లకాయలు చెంబులు పట్టుకుని గోవిందా అంటూ వీధిలో బియ్యం అడుక్కుంటున్నారు. ఎదురింట్లో అమల తడిచీరతో రోలు కడుగుతోంది. కడిగింది, తుడిచింది, మళ్లీ కడిగింది. ఎండ నడినెత్తికి వస్తున్నా బియ్యం రోట్లో పడలేదు. ఎట్లాగో దంచి చేటలోకి ఎత్తేసరికి, మునికుమారి పక్కనుంచి పోతూ పావడా అంచు చేటకి తగిలించింది. కావాలనే. నేను చూశాను.

"అయ్యో, తగిలిందే!" అంది, కళ్లింత చేసుకుని.

అమల మారుమాట్లాడకుండా పిండినంతా ఎత్తి ఆవుకి వేసింది. మళ్లీ స్నానం చేసి, మళ్లీ రోలు కడగడానికి కూచుంది. ఆకలితో వాళ్ల నాయన వెంకటముని స్తంభానికి ఆనుకుని ఉన్నాడు. పంకజాక్షి కొంగుతో ముఖం తుడుచుకుంటోంది. చూడడానికొచ్చిన ఆడవాళ్లు మాత్రం "ఎంత నిష్ఠ! ఎంత నిష్ఠ!" అంటున్నారు. మిగిలిన బియ్యం దంచింది అమల. పిండి జల్లిస్తుంటే తెల్లటి పిండి మీద ఎర్రగా చుక్కలు పడ్డాయి. నీళ్లలో నాని నాని దాని చేతులు పగిలి నెత్తురొస్తోంది.

అది చూడగానే అమల చేట పక్కన పెట్టి మళ్లీ లేచింది, స్నానానికి.

మునికుమారి అడ్డం నిలబడింది. "సాలించండి! అది మడి కాదు. రోగం! నామాలూ లేవు గీమాలూ లేవు. తొట్టి కాడ కూసోని ఏడస్తా ఉంటాది, నేను సూసినాను!"

"నోర్ముయ్యి మే, మంచి రోజు!" అంది సుబ్బులమ్మ.

"తళిగ తనకి రాలేదని ఓర్వలేక అంటా ఉండాది" అంది ఒకామె.

"అవును, ఓర్వలేకనే అంటా ఉండాను!" అని అరిచింది మునికుమారి. "ఓర్వలేక అంటే అబద్దమైపోతాదా?"

చూడడానికొచ్చినవాళ్లు కుళ్లుబోతని మూతులు తిప్పుకున్నారు. పంకజాక్షి చెయ్యెత్తింది కూడా. అప్పుడు అమల గోడకి ఆనుకుని, చేతులు రెండూ ఒంటికి తగలకుండా చాపి పెట్టుకుని, చిన్నగా అంది.

"అక్క సెప్పేది నిజం అవ్వా. నాకు గోవిందుడు గుర్తుకే రాడు. కడగకపోతే నాయన సచ్చిపోతాడని భయం. ఎదురింటి మామ పోయినాక మరీ ఎక్కువైంది."

ఎదురింటి మామ అంటే మా ఆయన. నేను వసారాలోనే కూచుండిపోయాను. వెంకటముని స్తంభం వదిలి లేచి వచ్చి, కూతురు తగలొద్దు తగలొద్దంటున్నా వినకుండా ఆ చేతులు పట్టుకున్నాడు. అమల పెట్టిన కేక వీధి చివరిదాకా వినబడింది. నాయన వదల్లేదు. ఆ రోజు పిండిదీపం లేదు. సుబ్బులమ్మ ప్రమిదలో నూనె దీపం పెట్టి, మూల కూచుంది.

ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే కృపామణి మా వీధిలోనే ఉంటుంది. ఆమే తిరుపతిలో మనసు డాక్టరు ఎక్కడుంటారో చెప్పింది. ఇది చాలామందికి వచ్చే జబ్బేనని, మందులున్నాయని, భయపడొద్దని చెప్పింది. వెంకటముని అమలను బస్సెక్కించుకుని పోయి చూపించాడు. డాక్టరు మాత్రలు రాసి, ఒక పని కూడా చెప్పాడట. మురికి అనిపించేదాన్ని రోజూ ముట్టుకోవాలి, వెంటనే చేతులు కడగకుండా ఓర్చుకోవాలి. కొంచెంతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలి.

తాను చెప్పిందే నిజమైందని మునికుమారికి గొప్పగా ఉండాలి కదా. రెండు రోజులు కూడా నిలవలేదు.

"నాయన దానికి హోటల్లో పూరీ తినిపించినాడంట అత్తా. నన్నెప్పుడన్నా ఒక్కదాన్నే తిరుపతికి తీసకపోయినాడా? నాకూ ఏదన్నా రోగమొస్తే బాగుండు."

"అట్లనగూడదు మే."

"దానికి మడి ఉంటే దాన్నే సూసినారు. రోగమంటే ఇంగా ఎక్కువ సూస్తా ఉండారు. నన్నెప్పుడు సూసేది?"

నేను కాఫీ పెట్టిస్తే తాగి పోయింది.

ఆఖరి శనివారం తళిగ మునికుమారికి వచ్చింది. "ఇంగ నువ్వే కదా వెయ్యాల్సింది" అని అవ్వ ఇచ్చింది. అట్లా ఇచ్చినా తీసుకుంది. పసుపు చీర కట్టి, రోటి ముందు కూచుని దంచుతుంటే రోకలి పడే లెక్క ఒక్కటి తప్పలేదు. పిండి జల్లిస్తే ధారగా దిగింది. బెల్లం కలిపి ముద్ద పట్టి, మెచ్చుకుంటారని తలెత్తి చూసింది. ఒక్కరూ ఇటు చూడడం లేదు. అమల చీపురు పట్టుకుని వాకిట్లో నిలబడి ఉంది. ఇంటిల్లిపాదీ ఆ చీపురునే చూస్తున్నారు.

"పట్టుకునిందే!" అంటోంది పంకజాక్షి. "కుళాయి కాడికి పోలేదు సూడత్తా!"

"నా తల్లే" అంటోంది సుబ్బులమ్మ.

అమల చీపురు కింద పెట్టింది. నేరుగా రోలు దగ్గరికి వచ్చి, "అక్కా, నేనూ ఒక దీపం సేస్తాను" అంది.

చీపురు పట్టిన చేతులు. తళిగ వేసే మనిషి మాటే మాట. అందరూ ఇప్పుడు మునికుమారిని చూశారు.

"పో. ఇది నాది" అంది మునికుమారి, చేట దగ్గరికి లాక్కుని.

అమల మెల్లగా కుళాయి వైపు తిరిగింది. ఒక అడుగు వేసింది. కడగడం మొదలుపెడితే మళ్లీ ఎప్పటికి ఆగుతుందో ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

"ఆ కుళాయి తట్టు పోయినావంటే కాలు ఇరగ్గొడతా" అని అరిచింది మునికుమారి. ముద్దలోంచి పావు భాగం విరిచి అరిటాకు ముక్క మీద విసురుగా పెట్టింది. "ఇదో, ఇది నీది. నాదాన్ని ముట్టుకున్నావంటే సూడు."

రెండు దీపాలు వెలిగాయి. మునికుమారిది గుండ్రంగా, తామరమొగ్గలా ఉంది. అమలది ఒక పక్కకి ఒరిగి నెయ్యి కారుతోంది. వచ్చినవాళ్లందరూ ఆ ఒరిగినదాని ముందే వంగి, "మడిపిల్ల సేసిందా! ఎంత ముద్దుగా ఉండాదో!" అన్నారు.

"వంకరగా ఉండాది, కండ్లు లేవా మీకు?" అంది మునికుమారి.

"నిజమే, అక్కదే బాగుండాది" అంది అమల, నేతి చేతులు అట్లాగే పట్టుకుని.

"నువ్వేం సెప్పబన్లేదు."

దీపాలు కొండెక్కాక మునికుమారి ఆకులో ప్రసాదం పట్టుకుని వీధి దాటి మా ఇంటికి వచ్చింది. నేను నోట్లో వేసుకునేదాకా కదలకుండా నిలబడింది.

"ఇది నా దీపం ముద్దే అత్తా. ఎట్లుండాదో సెప్పు."

"బాగుండాది మే. బెల్లం సరిగ్గా పడింది."

"దాందానికన్నా బాగుండాదా?"

"దాంది నేను తినలేదు కదా, ఎట్ల సెప్పేది?"

ఆ పిల్ల నాతో అబద్ధం చెప్పించుకుని పోవచ్చు. పోలేదు. గిరుక్కున తిరిగి వాళ్లింట్లోకి పోయి, అమల ముద్దలోంచి ఒక తునక తుంచుకుని, దారిలో రాలకుండా అరచెయ్యి అడ్డం పెట్టుకుని మళ్లీ మా గడప ఎక్కింది.

"తిని సెప్పు" అంది.